పేరు ఆఖర్న వేయాలి

"వాడి చేతులు పడిపోను. వాడి ఫోను పేలిపోను. తాతట, తాత. ఏ మూల కూర్చుని రాస్తున్నాడో గానీ, నా కొడుకు నోటిదగ్గర కూడు తన్నేశాడు."

అమ్మ తిట్లు ముందు దిగాయి, అమ్మ తరవాత దిగింది. ఇంటికీ, కింద షాపుకీ మధ్య ఇరుకు మెట్లు. మోకాళ్ళు పట్టుకుని మెట్టుకో శాపం పెడుతూ వచ్చి, అక్షరాలు కత్తిరించే వినైల్ చుట్టల పక్కనున్న స్టూలు మీద కూలబడింది.

నంబరక్క వెనక్కి తిరగలేదు. వేడి మిషను పిడి కిందికి నొక్కి పట్టుకుని ఉంది. జెర్సీల మీద నంబర్లూ పేర్లూ అతికించడం ఆమె పని. ఊళ్ళో ఫుట్‌బాల్ ఆడే ప్రతివాడి వీపూ ఒకసారైనా ఆమె చేతికిందకి రావలసిందే. అందుకే పెద్దా చిన్నా అందరికీ ఆమె నంబరక్క అయింది.

"వాడు ఇవాళ కూడా తలుపు తియ్యలేదే," అంది అమ్మ. "పొద్దున పెట్టిన పళ్ళెం పెట్టినట్టే ఉంది."

"తీస్తాడులే అమ్మా. ఆకలేస్తే వాడే వస్తాడు."

"నీకేం, బండరాయిలా ఉన్నావు. నిన్న గ్రౌండులో వాడిమీద క్యారెట్లు విసిరారట. బెంచీ మీద ఊరికే కూర్చున్నవాడి మీద. చూశావా?"

చూసింది. చూడనివాళ్ళెవరు? తమ్ముడి పరుగు చూసి గ్యాలరీ ముద్దుగా పెట్టుకున్న పేరు కుందేలు. వాడు క్లబ్బు మారబోయాడని ఇప్పుడా గ్యాలరీయే క్యారెట్లు విసురుతోంది. ఒళ్ళో పడిన క్యారెట్టును తమ్ముడు తీసి మెల్లగా పక్కన పెట్టడం, దానికెవడో పాట తగిలించి వీడియో చేయడం, ఊరంతా దాన్ని ఒకరికొకరు పంపుకుని విరగబడి నవ్వడం, అన్నీ చూసింది. చూసి పళ్ళు నూరుకుంది.

"ఆ తాతగాడు నా చేతికి దొరకాలి," అంది అమ్మ. "దొరికితే చెప్పు తీసుకుంటాను."

"దొరుకుతాడు."

ఆ మాట ఎంత చల్లగా అందంటే, అమ్మ తిట్టడం ఆపి కూతురి వీపు వంక చూసింది.

దొరకడమేమిటి, దొరికి వారమైంది. ఆ సంగతి నంబరక్క కడుపులోనే ఉంది. పోయిన వారం భర్త స్నానానికి వెళ్ళినప్పుడు, ఛార్జింగులో ఉన్న అతని ఫోను ఆగకుండా మోగుతుంటే, షాపునుంచేమోనని తీసి చూసింది. 'గ్యాలరీ తాత' పేజీకి వచ్చిన కామెంట్లు అవి. ఆ పేజీ చదివేవాళ్ళకు వచ్చేవి కావు, నడిపేవాడికి మాత్రమే వచ్చేవి. ఆ తెరను అప్పటికప్పుడు తన ఫోనుతో ఫొటో తీసుకుని, అతని ఫోను ఉన్నచోటే పెట్టి, వంటింట్లోకి వెళ్ళి కొళాయి తిప్పుకుని ఏడ్చింది. ఏడుపు అయిపోయాక కోపం మిగిలింది. అది మాత్రం ఇంకా అవలేదు.

ఆమె భర్త కళ్ళజోళ్ళ షాపులో చూపు పరీక్షించే మనిషి. పొద్దస్తమానం చీకటి గదిలో జనంచేత అక్షరాలు చదివిస్తూ, 'ఇదెలా ఉంది, అదెలా ఉంది' అని అడుగుతూ బతికే మనిషి. ఇంట్లో ఉన్నాడో లేడో కూడా తెలియదు. ఆ నోట్లో నాలుక లేనివాడు పేజీ మీదికి ఎక్కేసరికి తాత అయిపోతాడు. "మనవళ్ళారా, తాత చెవిన ఒక మాట పడింది" అని మొదలుపెడతాడు. ఏ ఆటగాడు ఏ క్లబ్బుకు పోతున్నాడు, ఎవడి మోకాలు దెబ్బతింది, ఏ కోచ్‌కు ఉద్వాసన, అన్నీ క్లబ్బులకంటే ముందు తాతే చెబుతాడు. లక్షలమంది మనవళ్ళు అతనికి.

కుందేలు పెద్ద క్లబ్బుకు పోతున్నాడని బయటపెట్టింది కూడా తాతే. తమ్ముడి పేరున్న నీలం జెర్సీ ఫొటోతో సహా పెట్టాడు. అప్పటికి పాత క్లబ్బుకు ఆ బేరం సంగతే తెలియదు. తెలిసి మండిపడి, వదిలేది లేదని తమ్ముణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టింది. పెద్ద క్లబ్బు చేతులు దులుపుకుంది. దులుపుకుంటూ, గుట్టు నీ షాపులోంచే రట్టయిందని నంబరక్కకు ఇచ్చే పనంతా ఆపేసింది.

ఆ మాటకు ఆమె ఎదురు చెప్పలేకపోయింది. ఈ పనిలో ఒక పద్ధతుంది. కొత్త ఆటగాడి జెర్సీ మీద ముందు నంబరు వేస్తారు. పేరు ఆఖర్న, సంతకాలయ్యాయని క్లబ్బునుంచి ఫోను వచ్చాకే వేస్తారు. బేరం చెడితే నంబరు ఇంకొకడికి పనికొస్తుంది, పేరు ఎవడికీ పనికిరాదు. షాపు పెట్టిననాటినుంచి ఆమె ఆ పద్ధతి తప్పింది ఒక్క తమ్ముడి విషయంలోనే. అమ్మ కళ్ళారా చూసుకోవాలని, ఫోను రాకముందే పేరు వేసేసి పైకి పట్టుకెళ్ళింది. అమ్మ దాన్ని మొహానికి అద్దుకుని ఏడ్చింది. తరవాత బీరువాలో పెట్టారు. తెల్లారేసరికి ఊరు ఊరంతా చూసింది.

"ఇదెవరిదే?" అంది అమ్మ మిషను వంక మెడ చాచి. "మళ్ళీ నీలం రంగు."

"కెప్టెన్‌ది."

"పాత క్లబ్బు కెప్టెన్‌దా? ఆ అబ్బాయి కూడా పెద్ద క్లబ్బుకి పోతున్నాడా?"

నంబరక్క పిడి పైకెత్తింది. మామూలుగా పెట్టే వేడిలో సగం కూడా పెట్టలేదు ఈసారి. చూడటానికి అక్షరాలు దిట్టంగానే ఉన్నాయి. గోరు తగిలితే చాలు, లేచొస్తాయి.

*

మధ్యాహ్నం భర్త భోజనానికి వచ్చి, చెయ్యి కడుక్కుని కూర్చోబోతూ కుర్చీ మీద కవరు చూశాడు. పక్కన పెడదామని ఎత్తాడు. ఎత్తినవాడు దించలేదు.

"ఇదేమిటి?"

"ఏది? ఓ, అదా. అక్కడే మరిచిపోయాను." నంబరక్క కంచం ముందు పెట్టింది. "పెద్ద క్లబ్బువాళ్ళు మళ్ళీ నా దగ్గరికే వచ్చారు. ఇంత తొందరగా చేసేవాళ్ళు ఇంకెవరున్నారు వాళ్ళకి? మీరు చూసినట్టు ఎక్కడా అనకండి. ఈసారి కూడా బయటికి పోయిందంటే నేను షాపు మూసుకోవలసిందే."

ఆ ఆఖరి మాట కావాలనే అంది. అతనికి ఇచ్చిన ఒకే ఒక్క అవకాశం అది. కట్టుకున్నదాని మీద ఏ మూలో కాస్త అభిమానం ఉన్నా, ఆ మాట దగ్గర ఆగాలి.

"నేనెవరితో అంటాను?" అన్నాడతను.

తమ్ముడి గది తలుపు తెరుచుకుంది. గడ్డం పెరిగి, కళ్ళు గుంటలు పడి, గోడకానుకుంటూ వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు కుందేలు. అమ్మ గబగబా వడ్డించింది.

"మీ కెప్టెన్ గురించి ఏమన్నా విన్నావా?" అన్నాడు భర్త, కంచంలోకే చూస్తూ.

"నాతో మాట్లాడేదెవరు బావా?" తమ్ముడి చూపు కవరు మీద పడింది. "వాడికైనా దక్కనీ," అన్నాడు.

తమ్ముడు నాలుగు మెతుకులు కెలికి లోపలికి పోయాడు. వాడి వెనకాలే అమ్మ పోయింది. నంబరక్క బాల్కనీలోకి వెళ్ళి, ఆరిన బట్టలు ఒక్కొక్కటీ తీసి, దులిపి, మడతపెట్టింది. అన్నీ అయ్యాక, ఎక్కడా లేని జేబురుమాలు కూడా వెతికింది. తిరిగి వచ్చేసరికి భర్త చెప్పులేసుకుంటున్నాడు. కవరు కుర్చీలోనే ఉంది. మడత మాత్రం ఆమె పెట్టిన మడత కాదు.

అతను షాపు చేరాడో లేదో గానీ, తాత మాత్రం పేజీకి చేరిపోయాడు.

"మనవళ్ళారా, మంచినీళ్ళు తాగి కూర్చోండి. మన కెప్టెన్ మూటాముల్లె సర్దుకుంటున్నాడు. నీలం కట్టబోతున్నాడు. తాత విన్నది కాదు, కళ్ళారా చూసి చెబుతున్నాడు."

కింద జెర్సీ ఫొటో. ఆమె ఇంటి కుర్చీ కోడు కూడా ఓ పక్కన కనిపిస్తోంది. అంత తొందరపడ్డాడు మహానుభావుడు. దాని కింద ఏడుపులూ తిట్లూ, 'తాత చెబితే తిరుగులేదు' అంటూ దండాలూ.

పోస్టు చూస్తే కడుపు చల్లబడుతుందనుకుంది నంబరక్క. చల్లబడలేదు. షాపు మూసుకోవలసి వస్తుందని తన నోటితో చెప్పింది, విన్నాడు, ఆ చేత్తోనే ఫొటో తీశాడు. అంతకు ముందు ఉన్నది కోపం. ఇప్పుడు పుట్టింది కసి.

కెప్టెన్‌కు ఫోను చేసింది. "పప్పులో కాలేశాడు."

అటువైపు కెప్టెన్ నవ్వాడు. ఆట మానేసేదాకా పాత క్లబ్బులోనే ఉంటానని సంతకం పెట్టేశాడతను. సాయంత్రం లైవ్‌లో చెప్పబోతున్నాడు. టీములో కుందేలు మీద జాలి చూపినవాడు అతనొక్కడే, అందుకే ఈ ఎత్తుకు ఒప్పుకున్నాడు.

"జెర్సీ తీసుకోవడానికి వస్తున్నానక్కా. కానీ ఒక్క మాట. నేను ఆ పేజీని నవ్వులపాలు చేస్తాను, అంతవరకే. దాని వెనకున్న మనిషెవరో నాకు చెప్పొద్దు. మీరూ ఎవరికీ చెప్పకండి. జనం చేతిలో పెడితే మన చేతిలో ఉండదు."

"సరేలే," అంది నంబరక్క. అన్నమాటే గానీ, మనసులో సరే లేదు.

*

సాయంత్రం భర్త పెందలాడే ఇంటికొచ్చాడు. తలనొప్పన్నాడు. హాల్లో టీవీలో నంబరక్క లైవ్ పెట్టింది. తమ్ముణ్ణి కూడా పిలుచుకొచ్చి కూర్చోబెట్టింది. కాఫీలు కలిపింది. పెళ్ళిచూపుల్లో కూడా అంత శ్రద్ధగా కలపలేదు.

కెప్టెన్ పాత క్లబ్బు ఎర్ర జెర్సీలో కూర్చుని ఉన్నాడు. చెప్పవలసింది రెండు ముక్కల్లో చెప్పేశాడు. ఆ తరవాత కిందికి వంగి నీలం జెర్సీ పైకి తీశాడు.

"తాతగారు నాకో కొత్త జెర్సీ తొడిగారు పాపం. ఎంత గట్టిదో చూద్దాం."

పేరు మొదట్లో గోరు పెట్టి లేపాడు. అక్షరం ఊడొచ్చింది. దాన్ని బల్ల అంచుకు అంటించాడు. రెండోది లేపాడు. మూడోది దానంతటదే రాలింది. తెర మీద కామెంట్లు వరదలా పోతున్నాయి. "తాతా, కళ్ళజోడు మార్చుకో." "తాతకి శుక్లాలొచ్చాయి." "పింఛను తీసుకుని పడుకో తాతా."

అమ్మ ఘొల్లున నవ్వింది. ఎన్నాళ్ళకో నవ్వింది. "బాగా అయింది ముదనష్టపు వెధవకి."

భర్త ఫోను బల్ల మీద బోర్లా పడుకుని ఒకటే వణుకుతోంది. అతను దాన్ని చూడటం లేదు, టీవీనీ చూడటం లేదు. ముందున్న కప్పు వంక చూస్తున్నాడు. నంబరక్క అతన్నే చూస్తూ నిలబడింది. ఆ మొహం అలా వాడిపోతుంటే చూడటానికే కదా వారంపాటు నోరు కట్టుకున్నది. కళ్ళనిండా చూసుకుంది. తన ఫోను తీసి, వారంగా దాచిన ఫొటోను డప్పుకు పంపింది. గ్యాలరీలో డప్పు వాయించి పాట ఎత్తుకునేవాడు డప్పు. వాడు ఎత్తుకుంటే గ్యాలరీ మొత్తం అందుకుంటుంది. ఫొటో కింద, తాత తన భర్తేనని, అతను పనిచేసే షాపు ఏ వీధిలో ఉందో కూడా రాసింది.

పంపేశాక తీరిగ్గా అంది: "తాతగారూ, కాఫీ చల్లారిపోతోంది."

"ఎవర్నే అంటున్నావు?" అంది అమ్మ, ఇంకా నవ్వుతూనే.

"నీ అల్లుణ్ణి. చెప్పు తీసుకుంటానన్నావుగా. అదిగో, గుమ్మం దగ్గరుంది."

అమ్మ నవ్వు పెదాల మీదే ఆగిపోయింది. కూతుర్ని చూసింది, అల్లుణ్ణి చూసింది. అల్లుడు కాదనకపోవడం చూసింది.

"ఎప్పటినుంచి తెలుసు నీకు?" అన్నాడతను.

"వారంనుంచి."

"వారంనుంచీ నాకు వడ్డిస్తూనే ఉన్నావు."

"వడ్డించాను. ముద్ద ఎలా దిగుతోందో చూస్తూ వడ్డించాను."

"అడగొచ్చుగా."

"మీరు చెప్పొచ్చుగా."

అతను కప్పు పక్కకు జరిపాడు. "ఈ ఇంట్లో నేను నోరు తెరిస్తే టీవీ సౌండు పెంచుతారు. అక్కడ తాత దగ్గితే, ఏమైంది తాతా అని లక్షమంది అడుగుతారు. అలవాటు పడ్డాను. తప్పే."

"దగ్గుకోండి, ఎవరొద్దన్నారు? దానికి నా తమ్ముణ్ణి అమ్ముకోవాలా? మీకేం పాపం చేశాడు వాడు? బావా బావా అని మీ వెనకాలే తిరిగేవాడు."

భర్త తల తిప్పి తమ్ముడి వంక చూశాడు.

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"ఏం... ఏం చెప్పాలి బావా?" తమ్ముడు నీళ్ళు నమిలాడు.

"ఇవాళ్టి ఫొటో నేనే తీశాను, ఒప్పుకుంటాను. వీడి జెర్సీ ఫొటో మాత్రం నేను తియ్యలేదు," అన్నాడు భర్త, భార్యతో. "ఆ జెర్సీ నేను చూడనే లేదు. నువ్వు పేరు వేసి తెచ్చిన రోజు నేను మా చెల్లెలింట్లో ఉన్నాను. గుర్తు తెచ్చుకో."

గుర్తు తెచ్చుకుంది. నిజమే. వాళ్ళ చెల్లెలి కొత్తింటికి అల్మరాలు బిగించడానికి వెళ్ళి, మర్నాడు మధ్యాహ్నానికి గానీ రాలేదు. కోపం నెత్తికెక్కినదానికి ఆ సంగతే తట్టలేదు.

ఇంట్లో ఆ రోజు ఉన్నది తను, అమ్మ, వాడు.

"ఒరేయ్," అంది నంబరక్క.

"వాళ్ళు నాన్చుతున్నారక్కా." తమ్ముడి గొంతు చిన్నపిల్లాడి గొంతులా వచ్చింది. "ఇవాళ రేపు, ఇవాళ రేపు అంటున్నారు. నాకు భయమేసింది. ఊరంతా తెలిసిపోతే ఇక వెనక్కి పోలేరు, సంతకం పెట్టేస్తారనుకున్నాను. అందుకే బావకి పంపాను."

"బావకి. అంటే తాత ఎవరో నీకు ముందే తెలుసు."

"పేజీ పెట్టించిందే వాడు," అన్నాడు భర్త. "డ్రస్సింగ్ రూములో మాటలు కళ్ళజోళ్ళ షాపులోకి ఎలా వస్తాయనుకున్నావు?"

నంబరక్క కుర్చీ లాక్కుని తమ్ముడికి ఎదురుగా కూర్చుంది. "పెద్ద క్లబ్బువాళ్ళు నిన్ను పిలిచి అడిగారు కదా, ఫొటో ఎలా బయటికి పోయిందని. ఏం చెప్పావు?"

వాడు కాఫీ కప్పు చేతిలోకి తీసుకున్నాడు.

"ఏం చెప్పావురా?"

"అక్క షాపులోంచి పోయుంటుందన్నాను."

అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"నువ్వు అక్కవి కదా," అన్నాడు తమ్ముడు. "నువ్వు ఎలాగైనా సర్దుకుంటావనుకున్నాను. నాకంటే ఆట పోతే ఇంకేం లేదు."

"ఆ రోజు నువ్వు ఏడుస్తుంటే తల ఒళ్ళో పెట్టుకుని, నా వల్లే ఇదంతా, క్షమించరా అని నేను ఏడ్చాను. గుర్తుందా? అప్పుడు కూడా నీకు నోరు రాలేదు."

వాడు తల వంచుకున్నాడు. ఆ వంచిన తల చూస్తే చెంప పగలగొట్టాలనిపించింది ఆమెకు. ఇన్నాళ్ళూ ఆ తలనే కదా తను నిమిరింది.

"మీరైనా చెప్పలేదు," అంది భర్తతో.

"చెప్తే చచ్చిపోతానన్నాడు."

"నమ్మారా?"

"నమ్మలేదు," అన్నాడతను. "చెప్తే పేజీ మూయాల్సొస్తుందని నేనూ నోరు మూసుకున్నాను."

ఆమె ఫోను మోగింది. డప్పు మెసేజి. 'దొరికాడక్కా. కళ్ళజోళ్ళ షాపు మూసేసి ఉంది. ఇంటికే వస్తున్నాం.'

ఆమె దాన్ని రెండుసార్లు చదివి, ఫోను భర్త ముందు పెట్టింది. "మీ సంగతి గ్యాలరీకి నేనే చెప్పాను. ఇందాక."

అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా ఒక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపించింది ఆమెకు.

*

డప్పు చప్పుడు వీధి మలుపులోంచే వినబడింది. బాల్కనీ కింద ఎర్ర కండువాలు గుమిగూడాయి. ఎదురింటివాళ్ళు లైట్లు వేసి, ఫోన్లు పట్టుకుని కిటికీల్లోకి వచ్చారు.

నంబరక్క బాల్కనీలోకి వెళ్ళింది. ఆమెను చూడగానే డప్పు వాయించడం ఆపాడు.

"నమస్తే అక్కా. మీతో మాకేం పేచీ లేదు. మీవారిని ఒకసారి కిందికి పంపండి. తాతగారితో మనవళ్ళకి కాస్త పనుంది."

వెనకాల నవ్వులు లేచాయి. అవి మంచి నవ్వులు కావు.

"ఇంకో మాటక్కా," అన్నాడు డప్పు, గొంతు తగ్గించి. "కుందేల్ని ఇంట్లోవాడే ముంచాడని తెలీక వాడిమీద క్యారెట్లు విసిరాం. మాదే తప్పు. వచ్చే ఆటలో వాణ్ణి మైదానంలోకి దింపమని క్లబ్బు ముందు కూర్చుంటాం. వాడి కసి కూడా ఇవాళ మేమే తీరుస్తాం."

డప్పు మళ్ళీ మోగింది. "కుందేలూ, కుందేలూ" అని వీధి అందుకుంది. ఎన్ని వారాలైంది ఆ పేరు అలా విని.

అమ్మ వెనకనుంచి వచ్చి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "విన్నావా? మళ్ళీ వాడి పేరు పిలుస్తున్నారు. నువ్వేం మాట్లాడకు."

"ఏం మాట్లాడకు?"

"అల్లుడి మీదికే పోనీ. అతనికేం, ఇంకో ఊళ్ళో ఇంకో కళ్ళజోళ్ళ షాపు దొరుకుతుంది. నా కొడుక్కి ఆ కాళ్ళు తప్ప ఏమున్నాయే?"

"నాకో అమ్మా? నాకేముంది?"

అమ్మ మోచెయ్యి వదల్లేదు.

లోపల భర్త లేచి చెప్పులేసుకుంటున్నాడు. "నేను దిగుతాను," అన్నాడు. "పేజీలో వేసింది నేనే. అది అబద్ధం కాదుగా."

నంబరక్క తమ్ముడి వంక చూసింది. ఆగు బావా అంటాడేమోనని చూసింది. వాడు అనలేదు. కుర్చీలోనే కూర్చుని, మొహం బాల్కనీ వైపు తిప్పి వింటున్నాడు. గుంటలు పడిన కళ్ళల్లోకి ఎక్కడిదో వెలుగు వచ్చింది. వాడి మడమ నేల మీద డప్పుకు తగ్గట్టు ఆడుతోంది. ఆ సంగతి వాడికే తెలియదు.

అది చూశాక ఆమెకు ఇంకేం ఆలోచించాలనిపించలేదు.

"మీరు కూర్చోండి," అంది భర్తతో. "మీతో నా లెక్క వేరే ఉంది. అది నేను తేల్చుకుంటాను, వీళ్ళు కాదు."

అమ్మ చెయ్యి విడిపించుకుని బాల్కనీ అంచుకు వెళ్ళి కిందికి వంగింది.

"డప్పూ, వాయించడం ఆపు. నేను పంపిన మాటలో సగమే ఉంది. పేజీ మావారిదే. కానీ కుందేలు జెర్సీ ఫొటో తీసి పంపింది మావారు కాదు."

వీధి చల్లబడింది. "మరెవరక్కా?"

"మా తమ్ముడే. ఎందుకు తీశాడో వాడి నోటితోనే విందువు గాని. నువ్వొక్కడివే పైకి రా."

వెనకాల తమ్ముడి కుర్చీ కిర్రుమంది. "అక్కా," అన్నాడు వాడు.

కింద గేటు తెరిచిన చప్పుడైంది. మెట్ల మీద అడుగులు మొదలయ్యాయి. అమ్మ మోకాళ్ళ నొప్పి మరిచి పరిగెత్తింది. తలుపు గడియ వేసి, దానికి వీపు ఆనించి రెండు చేతులూ చాచి నిలబడింది.

"ముందు నన్ను దాటి తియ్యాలి ఈ తలుపు," అంది. ఆ మాట బయట వస్తున్నవాడితో అనలేదు. కూతురి కళ్ళల్లోకి చూస్తూ అంది.

నంబరక్క ఒక్కో అడుగూ వేసుకుంటూ తలుపు దగ్గరికి నడిచింది.